వెనక చక్రానికి కొత్త డిస్కు

తిరుపతిలో మేము పద్నాలుగేళ్లు అద్దెకున్న ఇల్లు ఇప్పుడు లేదు. బైరాగిపట్టెడలో ఒక సందు చివర, కింద ఇంటివాళ్లు, పైన మేము. మేడమెట్ల కింద ఒక మంచం పట్టేంత చోటు ఉండేది. నా కుట్టుమిషను, జాకెట్లు తగిలించే కొక్కేలు, ఇస్త్రీ బల్ల అన్నీ అక్కడే. మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. పోయిన నెల తిరుపతిలో ఒక పెళ్లికి వెళ్లి, ఊరికే చూసి వద్దామని ఆ సందులోకి తిరిగితే ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఎదురైంది. నా మిషను ఉన్న చోట లిఫ్టు ఉంది. లోపలికి పోలేదు. ఎదురింటి అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేశాను. కూర్చున్నంతసేపూ పద్నాలుగేళ్లలో ఒక మధ్యాహ్నమే కళ్లముందు తిరిగింది. ఆ మెట్ల కింద, సైకిలు చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్న మధ్యాహ్నం.

మా ఆయన ప్రభుత్వ కాలేజీ ఆఫీసులో గుమాస్తా. నలభై ఆరో ఏట ఆయనకు షుగరు బయటపడింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. నడక ఆయనకు విసుగు. "నడస్తా ఉంటే ఆఫీసు కతలే మతికొస్తాయి మే" అనేవారు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. ఎవరో చెన్నైకి మకాం మారుస్తూ వదిలించుకున్నదట. లావుపాటి టైర్లు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో స్ప్రింగులు. కొండదారుల్లో తొక్కే సైకిలు. నేను చిన్నప్పుడు చూసిన సైకిళ్లకు బ్రేకు పడితే రబ్బరు కట్టెలు చక్రం అంచును పట్టేవి. దీనికి అవి లేవు. చక్రం నడిమధ్య ఒక పక్కగా పళ్లెమంత ఉక్కు రేకు, దాని నిండా చిల్లులు.

"దీన్ని డిస్కు అంటారు. బ్రేకు పడితే రెండు పక్కలా ప్యాడ్లు వచ్చి దీన్ని అదుముతాయి. మోటారు బండ్లకు ఉండేట్టే" అని ఆయన నాకు చూపించారు. కొత్తగా పుట్టిన మనవడిని చూపించినంత సంబరంగా.

ఆదివారం తెల్లవారకముందే బయల్దేరేవారు. చంద్రగిరి, రంగంపేట, ఒక్కోసారి కల్యాణి డ్యాం దాకా. తొమ్మిదింటికి తిరిగొచ్చేటప్పుడు హ్యాండిలుకు ఒక సంచి వేలాడుతుండేది. ఆయా కాలాన్ని బట్టి అందులో ముంజలో, సీతాఫలాలో, పచ్చి చెనక్కాయలో. మెట్లెక్కుతూనే ఆ దారిలో చూసినవన్నీ చెప్పేవారు. ఆఫీసు నుంచి వచ్చిన రోజు నోరు విప్పని మనిషి, ఆదివారం మాత్రం ఆగకుండా మాట్లాడేవారు. అందుకే నాకు ఆ సైకిలంటే ఇష్టం ఏర్పడింది.

ఆ ఏడు వానలు పట్టాక దాని బ్రేకులు అరవడం మొదలుపెట్టాయి. మామూలు అరుపు కాదు. సందు మొగదల ఆయన బ్రేకు వేస్తే మేడమీద వంటింట్లో నాకు వినబడేది. కింది ఇంటి అవ్వ వాకిట్లో కూర్చుని, "మీ ఇంటాయన వస్తా ఉండాడు, కాఫీ పెట్టుపో" అనేది. ఆమె నవ్వుతూనే అనేది కానీ, ఆయనకు సిగ్గేసింది. ఆ తర్వాత నుంచి సందు మొగదలే దిగి, సైకిలును నడిపించుకుంటూ వచ్చేవారు. కిటికీలోంచి నేను చూశాను. కొత్తబట్టలు కట్టుకుని బురదలో నడుస్తున్నవాడిలా, తల వంచుకుని వస్తున్నారు. నా మనసుకు కష్టమైంది.

నాకు తెలిసిన వైద్యం ఒకటే. మిషను అరిస్తే నూనె వెయ్యాలి. ఒక శనివారం సాయంత్రం ఆయన బజారుకు పోయినప్పుడు, మిషనుకు వేసే నూనె సీసా తీసుకుని మెట్ల కిందికి పోయాను. సైకిలు అక్కడే గోడకు ఆనించి ఉంది. ముందు డిస్కుకు నాలుగు చుక్కలు, వెనక డిస్కుకు నాలుగు చుక్కలు. చక్రం తిప్పుతూ, పాత గుడ్డపీలికతో చుట్టూ సమంగా పూశాను. బ్రేకు పట్టి చూశాను. కిక్కురుమనలేదు. ఆయనకు చెప్పలేదు. పొద్దున తనే తెలుసుకుని ఆశ్చర్యపడతారులే అనుకున్నాను.

మరుసటి పొద్దున ఏడు కాకముందే ఫోను వచ్చింది.

"బయపడొద్దు. రొంత పడినాను. బండి తీసుకోని రా" అన్నారు.

స్కూటరు మీద పోయాను. రైల్వే వంతెన కిందికి దిగే వాలు దగ్గర, ఎవరో ఇల్లు కట్టడానికి పోయించిన ఇసుక కుప్ప పక్కన కూర్చుని ఉన్నారు. ఒళ్లంతా ఇసుక. ఎడమచెయ్యిని కుడిచేత్తో పట్టుకుని ఉన్నారు. వంతెన కింద అడ్డంగా ఒక ఆటో ఆగి ఉందట. బ్రేకు రెండు చేతులా పట్టినా సైకిలు ఆగలేదట. ఆటోను గుద్దుకోవడం కన్నా మేలని ఇసుకలోకి తిప్పేశారట.

"నిండా పట్టినాను మే. వేళ్లు నొప్పి పుట్టేదాకా పట్టినాను. నిలవలా" అన్నారు.

నాకు నూనె సీసా గుర్తొచ్చింది. ఆయన ఒంటి మీది ఇసుక దులిపి, స్కూటరు మీద ఎక్కించుకున్నాను.

ఆసుపత్రిలో ఫొటో తీసి, మణికట్టు ఎముక చిట్లిందన్నారు. మోచేయి దాకా సిమెంటుకట్టు. ఆరు వారాలు కదిలించకూడదన్నారు. ఇంటికొచ్చి పడుకున్నాక కూడా ఆయన ఆలోచన సైకిలు మీదే. నెల కిందట సర్వీసు చేసిన అంగడాయన మీద కోపం. "ఏం ఊడబీకినాడో, ఏం బిగించకుండా వదిలినాడో. మనిషి సచ్చిపోయింటే?" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. నేను కాఫీలు అందిస్తూ ఆ మాట వింటున్నాను. ప్రతిసారీ చెబుదామనుకుంటాను, ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోతాను. రెండు రోజులు అలాగే గడిచాయి. ఆ రెండు రోజుల్లో ఒక జాకెట్టుకు ఎడమ చెయ్యి తెచ్చి కుడివైపు కుట్టాను. విప్పి, మళ్లీ అదే తప్పు చేశాను.

మంగళవారం సైకిలును ఆటోలో వేయించి, ఆయన్ని స్కూటరు మీద ఎక్కించుకుని కొర్లగుంట దగ్గరున్న ఆ అంగడికి పోయాను. ఆయన పోట్లాటకు పోతున్నారు. నేను ఎందుకు పోతున్నానో నాకే తెలియదు.

అంగడాయనది మా వయసే. చిత్తూరు పక్క పల్లెవాడు, మాటలో అరవం కలుస్తుంది. మా ఆయన చెప్పిందంతా అడ్డురాకుండా విన్నాడు. తర్వాత ముందు చక్రం దగ్గర కూర్చుని, తెల్ల కాగితం ముక్కను డిస్కు మీద రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవురు సార్ దీనికి నూనె పూసింది?"

"నూనా?" అంటూ మా ఆయన నా వైపు తిరిగారు. నా మొహంలో ఏం కనబడిందో, ఒక్క క్షణం అలాగే చూశారు. మళ్లీ అంగడాయన వైపు తిరిగి, "నేనే పూసినా. నిండా అరస్తా ఉంటే" అన్నారు.

"సదువుకున్నోళ్లు మీరు! పట్టుకునే తావున నూనె పూస్తే ఎట్ల పడతాది సార్? మీ సేతులకు నూనె పూసుకోని మోకు పట్టుకోని బావిలోకి దిగుతారా?"

ఆయన తల వంచుకుని తిట్లు తింటున్నారు. నేను ఒక అడుగు ముందుకేశాను.

"ఆయన కాదబ్బా. నేను పూసినాను. ఆయనకు తెలీదు" అన్నాను.

అంగడాయన చేతిలోని కాగితం ముక్కను ఉండచుట్టి పారేశాడు. "పోనీలేక్కా. నువ్వు ఒక్కదానివే కాదు, ఇట్ల నూనె పూసుకోని శానామంది వస్తారు ఈడికి" అన్నాడు. గొంతు మెత్తబడింది. నూనె తాగిన ప్యాడ్లు ఇక పనికిరావన్నాడు. డిస్కులను స్పిరిట్టుతో తుడిస్తే సరిపోతుంది గానీ, అవి కూడా అరిగిపోయి ఉన్నాయట. నన్ను కిందికి వంగమని, డిస్కు అంచు దగ్గర వేలు పెట్టించాడు. ప్యాడ్లు రాసుకునే చోటు పల్లంగా పోయి, గోరుకు గట్టు తగిలింది. "రొండూ మార్సాల. ముందరది ఈడుండాది. ఎనకది సిన్న సైజు. మెడ్రాసు నుంచి తెప్పియ్యాల."

"ముందరిది మార్చేటప్పుడు నాకు సూపిస్తావా?" అని అడిగాను. "చెడగొట్టింది నేను. ఎనకది నేనే ఏస్తాను."

అతను మా ఆయన వైపు చూశాడు. ఆయన తలూపారు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ముందు చక్రం విప్పి, డిస్కును పట్టి ఉంచే ఆరు బోల్టులు చూపించాడు. ఒక్కోదాని తలలో నక్షత్రంలాంటి గుంట. దానికి సరిపోయే స్టార్ కీ వేరేగా ఉంటుంది. విప్పడం, బిగించడం, ముందూ వెనకా ప్యాడ్లు మార్చడం అంతా పావుగంటలో చేసేశాడు. చివరికి ఆ కీని కాగితంలో చుట్టి నా చేతికిచ్చి, "పనైనాక తెచ్చియ్యక్కా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు స్కూటరు వెనక నుంచి ఆయన అడిగారు.

"రెండు దినాలు ఎట్ల మోసినావు మే దీన్ని?"

"మీరు అంగడాయన్ని తిడతా ఉంటే నోరు రాలా."

"అరుపు నీకు కష్టంగా ఉన్నిందా?"

"నాకేం కష్టం? మీరు సందు మొగదల దిగేసి నడిపించుకోని వస్తా ఉంటే సూడలేకపోయినా."

గాంధీ రోడ్డు మలుపులో బాగున్న చెయ్యిని నా భుజం మీద వేశారు. ఇల్లు చేరేదాకా తియ్యలేదు.

పదిరోజులకు చెన్నై నుంచి డిస్కు వచ్చింది. భోజనాలయ్యాక మెట్ల కింద చాప పరిచాను. సైకిలును తలకిందులు చేసి, వెనక చక్రం ఊడదీసి, పళ్ల చక్రాలు కిందికి, డిస్కు పైకి వచ్చేలా ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని, ఫోనులో దొరికిన సూచనలను నాకు చదివి వినిపిస్తున్నారు. మొదటి బోల్టు పాత తలుపులా కిర్రుమని కదిలింది. అయిదు వచ్చాయి. ఆరోదాని దగ్గర కీ జారింది. ఇంకోసారి తిప్పితే మళ్లీ జారింది.

"ఆపు, ఆపు! తల అరిగిపోతే ఇంక దాన్ని దేవుడు కూడా తీయలేడు" అన్నారు ఆయన.

చక్రాన్ని వెలుతురుకు తిప్పి చూశాను. ఆ నక్షత్రం గుంటలో మట్టి గట్టిపడి ఉంది. కీ అడుగుదాకా దిగడం లేదు. చేతిసూది తీసుకుని, ఆరు మూలలూ ఒక్కొక్కటే గీరి ఊదాను. ఎన్నేళ్ల నాటి మట్టో, నల్లగా పొడి రాలింది. ఈసారి కీ లోపలికంటా దిగింది గానీ బోల్టు కదల్లేదు.

"సడలకుండా ఈటికి ఒక జిగురు పూస్తారంట. ఏడి తగిలితే మెత్తబడతాదని రాసుండాడు ఈడ" అన్నారు.

"ఏడి కావాల్నా?" అన్నాను. ఇస్త్రీ పెట్టె పక్కనే ఉంది. సిల్కుల మీద ఎప్పుడూ పెట్టనంత వేడి పెట్టి, దాని మొనను బోల్టు తల మీద ఆనించి పట్టుకున్నాను. నాలుగైదు నిమిషాలు. ఇనుము కాలిన వాసన వచ్చింది. ఆయన చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నారు. నేను కీ పెట్టి, ఒంట్లో ఉన్న బరువంతా వేసి తిప్పాను. టక్కుమంది. విరిగిందేమోనని ఇద్దరం బిక్కచచ్చి చూశాం. విరగలేదు. మెల్లగా, దారపుకండె తిరిగినంత సులువుగా బయటికొచ్చింది. అంత నవ్వు మాకు ఎందుకొచ్చిందో తెలియదు. ఆయన కట్టు కట్టిన చెయ్యిని పొట్టకు అదుముకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

కొత్త డిస్కును వేళ్లతో తాకకూడదు. చేతి జిడ్డు కూడా దానికి చేటే. కొత్త కోరా గుడ్డతో అంచులు పట్టుకుని, స్పిరిట్టుతో తుడిచి కూర్చోబెట్టాను. దాని మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. చక్రం ముందుకు పోయే వైపుకే ఆ బాణం ఉండాలి. ఆయన రెండుసార్లు చూసి సరే అన్నాక ఆరు బోల్టులూ వదులుగా ఎక్కించాను.

"వరసగా బిగించకూడదంట. ఒకటి బిగిస్తే తర్వాత దానికి ఎదురుగా ఉండేది బిగించాలంట. కొంచెం కొంచెంగా" అని చదివారు.

"అది నాకు తెలుసులే."

"నీకెట్ల తెలుసు?"

"జాకెట్టుకు చెయ్యి ఎక్కించేది కూడా ఇట్లే కదా. ముందు బుజం మీద ఒక గుండుసూది, దానికి ఎదురుగా సంకలో ఒకటి. తర్వాత ఈ పక్క, ఆ పక్క. ఒక కొసన మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటా పోతే గుడ్డంతా ఒక పక్కకు లాగేస్తాది. మిగిలింది ఆడ ముడతలు పడతాది."

ఆయన ఫోను కింద పెట్టేశారు. నేను బిగిస్తున్నంతసేపూ నా చేతులనే చూస్తూ కూర్చున్నారు.

"ఇన్నేళ్లయింది. నువ్వు కుట్టేది ఒకనాడూ కూర్చోని సూడలేదు మే నేను" అన్నారు.

నిజమే. ఆయన ఆఫీసుకు పోయాక నా పని మొదలయ్యేది, ఆయన వచ్చేసరికి మిషను మీద గుడ్డ కప్పేసేదాన్ని. ఆ మరుసటి రోజు నుంచి ఆయన కుర్చీ ఒకటి మెట్ల కిందికి వచ్చింది. కట్టు విప్పే దాకా, సెలవులో ఉన్న అన్ని రోజులూ, నేను కుడుతుంటే పక్కన కూర్చునేవారు. ఒంటిచేత్తో నూలుపోగులు తీసేవారు. హుక్కులు రంగుల వారీగా వేరుచేసి పెట్టేవారు. గుడ్డ తెచ్చే ఆడవాళ్లు మొదట మొహమాటపడ్డారు, తర్వాత ఆయన్నే రంగు సరిపోయిందా అని అడగడం మొదలుపెట్టారు. మా పెళ్లయిన కొత్తలో కూడా మేము అన్ని మాటలు మాట్లాడుకోలేదు.

ఆ రోజు చక్రం బిగించాక ఇంకో పని మిగిలింది. కొత్త డిస్కుకు, కొత్త ప్యాడ్లకు స్నేహం కుదరాలి. సైకిలును కాస్త వేగంగా తొక్కి, బ్రేకు మెల్లగా పట్టి వేగం తగ్గించాలి. పూర్తిగా ఆపకూడదు. అలా ఇరవైసార్లు. ఆయన చెయ్యి కట్టులో ఉంది. మిగిలింది నేను. చిత్తూరులో పదో తరగతి దాకా సైకిలు మీదే బడికి పోయాను గానీ, పెళ్లయ్యాక పెడలు మీద కాలు పెట్టింది లేదు.

సాయంత్రం చుడీదారు వేసుకుని దగ్గర్లో ఉన్న స్కూలు మైదానానికి పోయాం. కింది ఇంటి అవ్వ కూడా కర్ర పట్టుకుని వెనకే వచ్చింది. మొదటిసారి హ్యాండిలు అటూ ఇటూ ఊగింది. "ముందుకు సూడు! కిందికి సూడొద్దు!" అని ఆయన గోడ దగ్గర నుంచి అరుస్తున్నారు. రెండోసారికి కుదుటపడింది. బ్రేకు వేస్తే మొదట్లో జారుతున్నట్టే ఉంది. ఆయన ఆ వాలులో ఎలా దిగి ఉంటారో అప్పుడు నాకు ఒంటికి తెలిసింది. ఏడోసారి, ఎనిమిదోసారి వేస్తుంటే వేళ్ల కింద ఏదో బిగుస్తున్నట్టు అనిపించింది. పన్నెండోసారికి మెత్తగా, గట్టిగా పట్టింది.

"పద్దెనిమిది!" అంటున్నారు ఆయన. "పంతొమ్మిది!"

ఇరవై అయిపోయాయి. నేను దిగలేదు. ఇంకో రెండు చుట్లు తిరిగాను. చెవుల్లో గాలి. అవతల కొండ మీద ఎండ ఎర్రబడుతోంది. "పాప సైకిలు మరిగింది, ఇంక వంట చేసేది ఎవురప్పా?" అంది అవ్వ.

కట్టు విప్పినప్పుడు ఆయన మణికట్టు తెల్లగా, పీలగా ఉంది. నెలరోజులు బంతి పిసికి బలం తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఒక ఆదివారం భాకరాపేట కనుమకు పోదామన్నారు. నాకు భయమేసినా వద్దనలేదు. ఆయన సైకిలు మీద, నేను స్కూటరు మీద. కనుమ దిగేటప్పుడు వెనకే మెల్లగా పోతూ ప్రతి మలుపులో ఆయన వేళ్ల వైపే చూశాను. మలుపుకు ముందు రెండు వేళ్లు బ్రేకు మీదికి వచ్చేవి, సైకిలు వేగం తగ్గేది, వేళ్లు వదిలేవి. కింద టీకొట్టు దగ్గర ఆగినప్పుడు ఆయన కంటే ఎక్కువ చెమట నాకే పట్టింది.

మూడేళ్ల కిందట ఆయనకు సూళ్లూరుపేటకు బదిలీ అయింది. ఇక్కడ అంతా చదును. పొద్దున్నే పులికాట్ సరస్సు వైపు తొక్కుకుని పోయి, పక్షుల కబుర్లు తెస్తారు. నేను కూడా ఒక సైకిలు కొనుక్కున్నాను. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుము తొందరగా పాడవుతుంది. రెండు నెలల కిందట ఆయన సైకిలు ముందు డిస్కు మళ్లీ మార్చాల్సి వచ్చింది. ఆయన ఆఫీసులో ఉన్నారు. వరండాలో కూర్చుని, మిషను మీద పని మధ్యలో అరగంటలో మార్చేశాను. ఏ బోల్టూ మొండికెయ్యలేదు.

సాయంత్రం వచ్చి చక్రాన్ని వేలితో తిప్పి చూశారు.

"అయిపాయనా?" అన్నారు.

"అయిపాయ."

చక్రం ఆగేదాకా చూస్తూ నిలబడ్డారు. తర్వాత చెప్పులు విప్పుతూ, కాస్త చిన్నబుచ్చుకున్నట్టుగా, "నేనొచ్చేదాకా ఉండకూడదా?" అన్నారు.